వంటయిల్లు: పథ్యమునకు రుచి



పథ్యము వండుట సులభము; తినిపించుట దుర్లభము. మధుమేహము గల మా మామగారు కొఱ్ఱన్నము రెండు ముద్దలు తిని, కంచము త్రోసి, పొరుగింట ఓళిగలు తినివచ్చుచుండిరి.

కర్నూలు, కడప మండలములకు కొఱ్ఱలు క్రొత్తవి కావు. నంద్యాల వ్యవసాయ పరిశోధనాస్థానమువారు సూర్యనంది వంటి మేలిరకములను గూడ రూపొందించిరి. అయినను ఉద్యోగము చేయు కోడండ్రకు నిత్యము వండు తీరిక లేదు. ఒకనాడు వండి ఫ్రిజ్జులోని మంచుగదిలో దాచుచున్నాము. చలికి అందలి పిండిపదార్థము బిగిసి, అన్నము గట్టిపడి చప్పబారును.

దీనికి నేను కనుగొన్న ఉపాయము వినుడు. కొఱ్ఱలు నానవైచి పొడిపొడిగా వండుడు. వండిన రెండు గంటలలోపల చల్లార్చి, పూటకొక గిన్నెచొప్పున మూతపెట్టి మంచుగదిలో నుంచుడు. తినునపుడు నీరు చిలుకరించి, పొగలు వచ్చువఱకు ఆవిరిపై వేడిచేయుడు. ఒకమారు వేడిచేసినది మరల దాచరాదు.

పోపు ముందుగా వేయకుడు. వడ్డించునపుడే చెంచాడు నూనెలో ఆవాలు, పచ్చిమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేయించి కలుపుడు. దింపిన పిమ్మట నిమ్మరసము పిండి, వేయించిన వేరుసెనగవిత్తుల పొడి చల్లుడు. పులుపు, పరిమళము ఉన్నచో ఉప్పు తగ్గినను లోటు తోచదు. కొఱ్ఱలైనను మితము తప్పరాదు సుమా!

ఇప్పుడు మామగారు కంచము ఖాళీచేసియే లేచుచున్నారు. మొన్న పొరుగింటినుండి ఓళిగలు రాగా, తామే పిల్లలకు పంచియిచ్చిరి.