గోడ మీది బొమ్మ... తేలై కుట్టింది!

తెనాలి నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. "గురువుగారూ! ఎగ్జిబిషన్లో నాలుగు వేలు పోసి ఒక బొమ్మల కథ పేజీ కొన్నాను. అచ్చు కాదండోయ్, ఆర్టిస్టు చేత్తో వేసిన అసలు పేజీ! మీ ఇంట్లో గోడల నిండా ఇలాంటివే ఉంటాయని విన్నాను. నా మంచానికి ఎదురుగా, కిటికీ పక్కన తగిలిద్దామని ఉంది. లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుందని మా ఊరి ఫోటోస్టూడియో ఆయన అంటున్నాడు. చేయించమంటారా?"

ఆగు నాయనా, ఆగు! ఆ పేజీ పట్టుకుని స్టూడియో మెట్లెక్కకు. మెట్లెక్కేసి ఉంటే దిగిపో. ముందు ఈ వారం నా సోది విను.

శ్రీనగర్ కాలనీలో నేనుండేది రెండో అంతస్తు. ఒక పక్క అన్నపూర్ణా స్టూడియో, ఇంకోపక్క సారథీ స్టూడియో. వీధికి రెండు సినిమా ఆఫీసులు. ఒకాయన సినిమా మొదలుపెడితే బోర్డు కడతారు, ఆగిపోతే బోర్డు విప్పుతారు. విప్పేటప్పుడు ఆఫీసు ఖాళీచేసి పాత కాగితాలు కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తారు. ఆ కాగితాల్లో ఏముంటాయో మా కాలనీ పాత పేపర్ల వాడికీ నాకూ తెలుసు. షాటు షాటుకీ వేసుకున్న స్కెచ్చులు, పోస్టరు డిజైన్లు, టైటిళ్ళ అక్షరాలు... నా బొమ్మల పిచ్చి అలా తూకంతోనే మొదలైంది. తర్వాత తర్వాత బొమ్మల కథల పేజీల మీదికి మళ్ళింది.

సినిమా పత్రికలో ఈ బొమ్మల గోలేమిటి అంటారా? మన సినిమాకీ బొమ్మల కథకీ ఉన్నది మేనరికం. 'పాతాళభైరవి' (1951) తీసిన నాగిరెడ్డి-చక్రపాణి గార్లే అంతకు నాలుగేళ్ళ ముందు, 1947 జూలైలో, 'చందమామ' మొదలుపెట్టారు. భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి వేసిన శంకర్ గారు ఆ ఇంట్లోనే దాదాపు అరవై ఏళ్ళు బొమ్మలు వేశారు. 'చందమామ' 2013లో ఆగిపోయింది, ఆయన 2020లో వెళ్ళిపోయారు. కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి గారి 'డుంబు'ని మీ తాతయ్యనడగండి, కళ్ళు మెరుస్తాయి. ఇక బాపుగారి సంగతి చెప్పాలా? 'సాక్షి' (1967) తియ్యడానికి ముందే ఆయన ఇంటింటి బొమ్మల మేష్టారు. డైరెక్టరయ్యాక కూడా ప్రతి షాటూ కాగితం మీద వేసుకునే సెట్లోకి వచ్చేవారు. సినిమా కెమెరాలోకి ఎక్కకముందు ఆయన దగ్గర బొమ్మల కథే! అదే 'సాక్షి'తో పోస్టర్లు మొదలుపెట్టిన ఈశ్వర్ గారు 2021లో పోయారు. ఆయన వేసిన పోస్టర్లతో పెరిగిన గోడలు మన ఊళ్ళలో ఎన్నో!

అచ్చయినవి లక్షలు. మరి అసలువి?

ఇక్కడో చిన్న రహస్యం ఉంది. ఆ రోజుల్లో పత్రికకి కావలసింది బొమ్మ కాదు, బ్లాకు. ఆర్టిస్టు అచ్చులో పడే సైజు కన్నా పెద్దగా, ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెంచి వేసేవాడు. కెమెరాతో దాన్ని చిన్నది చేసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆసిడ్‌తో తినిపిస్తే బ్లాకు తయారు. బ్లాకు దిగింది అంటే అసలు బొమ్మ పని అయిపోయినట్టే... పురుడు పోసిన మంత్రసానిలాగా! అలమరలో పడేస్తే అదృష్టం. పొట్లం కట్టినా అడిగేవాడు లేడు. అందుకే తమ్ముడూ, నీ చేతిలో ఉన్న ఆ పేజీ ఎన్ని గండాలు దాటి వచ్చిందో నీకు తెలీదు. ఆఖరి గండానివి నువ్వు కాకూడదనే నా తాపత్రయం. ఎందుకంటే ఒకసారి నేనయ్యాను.

చెప్తాను. చెప్పుకుంటే సిగ్గే, అయినా చెప్తాను.

1996లో ఒక పెద్దాయన నాకు రెండు పేజీలిచ్చారు. పిల్లల పత్రికల్లో ముప్ఫై ఏళ్ళు బొమ్మలు వేసిన మనిషి. పేరు రాయను, బతికున్న రోజుల్లో ఆయనకి పేరు రాస్తే కోపం. "తీసుకుపోవోయ్, ఇక్కడుంటే చెదలు చదువుతాయి" అన్నారు. పేజీకి ఎనిమిది గళ్ళు. గీతలు ఇండియన్ ఇంకువి, రంగులు రంగు ఇంకులవి. నడిమి గడిలో ఎర్ర గుర్రం ఒకటి ముందుకాళ్ళెత్తి లేస్తుంటుంది. ఆ ఎరుపు చూసి నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదంటే నమ్మండి!

ఒక పేజీ వెంటనే ఫ్రేము కట్టించాను. కట్టిన ఆయన నాకు మేలే చెయ్యబోయాడు, పాపం. రెడీమేడ్ ఫ్రేములో పట్టడం లేదని చుట్టూ ఉన్న తెల్ల మార్జిను నీట్‌గా కత్తిరించాడు. ముడతలు రాకూడదని వెనక జిగురు పూసి హార్డుబోర్డుకి అంటించాడు. ముందు అద్దం బిగించాడు. "ఇంక వందేళ్ళు చూసుకోనక్కర్లేదు సార్!" అన్నాడు. నేను సంతోషంగా పది రూపాయలు ఎక్కువ ఇచ్చి మరీ వచ్చాను. హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా, గుమ్మంలోంచి అడుగుపెట్టగానే కనపడేట్టు తగిలించాను. సాయంత్రం ఎండ పడితే గుర్రం భగ్గుమనేది. వచ్చిన ప్రతివాడూ "ఆహా" అనేవాడు. నాకూ అదే కావాలి గదా!

పెద్దాయన 2009లో పోయారు. పోయినేడు వాళ్ళమ్మాయి మా ఇంటికి వచ్చింది. "నాన్న బొమ్మ ఒకటి మీ దగ్గరుందట అన్నయ్యా, ఒక్కసారి చూసి వెళ్తాను" అంది. "ఒక్కసారేమిటమ్మా, ఎన్నిసార్లయినా" అని గర్వంగా హాల్లోకి తీసుకెళ్ళాను. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది.

"గుర్రం ఎర్రగా ఉండేది కదా?"

నా గుండె ఆగింది. రోజూ చూసే మనిషి ముఖం మీద ముసలితనం కనపడదంటారే, అదీ సంగతి! గుర్రం ఎప్పుడో పాలిపోయి ఉతికిన లుంగీ రంగుకి వచ్చింది. గీతలు మాత్రం నల్లగా నిలబడ్డాయి. ఇండియన్ ఇంకులో ఉన్నది మసి, అది ఎండకి జంకదు. రంగు ఇంకుల్లో చాలా వాటిలో ఉండేది అద్దకం రంగు. వెలుతురు దాన్ని కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది.

ఆ అమ్మాయి అంతటితో ఆగలేదు. వంగి ఫ్రేము అంచు వెతికింది. "కింద మార్జిన్లో ఇంకో చిన్న గుర్రం ఉండాలి. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న పని చేస్తుంటే పక్కన కూచుని పెన్సిల్తో నేనేసింది. తుడిచెయ్యమంటే, బ్లాకులోకి రాదులే, ఉండనీ అన్నారు."

ఆ మార్జిను 1996లోనే ఫ్రేము దుకాణం చెత్తబుట్టలోకి పోయింది. ఏం చెప్పను? కాఫీ చల్లారిపోయింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ గోడ మీద బొమ్మ అని ఒక పొడుపు కథ వేసేది, విప్పితే తేలు. దాని విప్పు నాకప్పుడు బాగా ఒంటబట్టింది!

సరే, ఏడుస్తూ కూర్చుంటే పేజీ నిండదు. అప్పట్నుంచి తెలిసినవాళ్ళ కాళ్ళు పట్టుకుని నేర్చుకున్నవి చెప్తాను, తమ్ముడూ, రాసుకో.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వెలుతురు. ఎండ ఒక్కటే కాదు, వెలుతురంతా. మ్యూజియాల్లో కాగితం బొమ్మల మీద 50 లక్సులకి మించి పడనివ్వరు. అదెంతంటే, లోపలికి వెళ్ళగానే "కరెంటు పోయిందా?" అనుకుంటామే, అంత. మన హాల్లో పగలు కిటికీ పక్కన వెయ్యి సులువుగా దాటుతుంది. పైగా పోయిన రంగు మళ్ళీ రాదు, చీకట్లో పెట్టి విశ్రాంతినిచ్చినా సరే. నష్టం పద్దు రాసినట్టు పేరుకుపోతుంటుంది. కాబట్టి కిటికీ లేని గోడ వెతుకు. మూడు నెలలు తగిలించి తొమ్మిది నెలలు పెట్టెలో పెట్టు. హీరోయిన్ కాల్షీట్లలాగా, ఉన్న బొమ్మలకి వంతులు వేసుకో. అతినీలలోహిత కిరణాల్ని ఆపే అక్రిలిక్ షీటు దొరుకుతుంది, వాడితే మంచిదే. కానీ అది గొడుగు మాత్రమే, ఇల్లు కాదు. బొమ్మ సుద్దముక్కతోనో మెత్తటి పెన్సిల్తోనో వేసిందయితే మాత్రం అక్రిలిక్ వద్దు. అది తనలో పుట్టే కరెంటుతో పొడిని పైకి లాగేసుకుంటుంది. అప్పుడు అద్దమే దిక్కు.

అద్దమో అక్రిలికో, ఏదైనా బొమ్మకి తగలకూడదు. మధ్యలో కిటికీలాగా కోసిన మౌంటు బోర్డు పెట్టేది అందం కోసమనుకుంటారు. అసలు పని ఆ జాగా కోసం. అద్దానికి పట్టిన చెమ్మ కాగితానికి పట్టిందా, రంగు అద్దానికి అతుక్కుంటుంది. ఆ బోర్డు, వెనక అట్ట రెండూ ఆసిడ్ లేనివే అడుగు. దొరక్కపోతే నెల ఆగు, హార్డుబోర్డుతో మాత్రం సరిపెట్టుకోకు. అందులోని పులుపు కాగితంలోకి దిగి గోధుమరంగు మరక కట్టిస్తుంది.

బొమ్మని అట్టకి అంటించొద్దు. పైన రెండు చోట్ల సన్నటి జపాన్ కాగితం ముక్కలతో వేలాడదియ్యాలి, అంతే. దానికి వాడే జిగురు గోధుమల నుంచి తీసిన గంజి. సినిమా పోస్టరు అంటించే మైదా జిగురుకి దూరపు చుట్టమే! మైదా జిగురుని పురుగూ వదలదు, ఆవూ వదలదు. హీరోగారి పోస్టరు సగం నమిలిన ఆవుల్ని మనం చూడలేదా? ఈ గంజిలో మాంసకృత్తులు తీసేస్తారు. నీళ్ళు తగిలితే విడిపోతుంది. అదే దాని గొప్ప, తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. సెల్లోటేపూ, రబ్బరు సొల్యూషనూ అలా కాదు. పోస్టరు డిజైన్ల మీద ఫోటోలు కత్తిరించి రబ్బరు సొల్యూషన్‌తో అంటించేవారు. ఇప్పుడు విప్పి చూస్తే ఫోటో ఊడొస్తుంది, దాని కింద తేనెరంగు మచ్చ మిగులుతుంది.

ఇక లామినేషన్! తమ్ముడూ, మన వాళ్ళు పెళ్ళిఫోటో నుంచి రేషను కార్డు దాకా అన్నీ లామినేషన్ చేయించేశారు. వేడి చేసి ప్లాస్టిక్‌ని కాగితంలోకి కరిగించడం అది. మళ్ళీ ఊడదీసే దారి లేదు. నీ పేజీ అసలుది కావడానికి కారణమైన ప్రతి గరుకూ, తెల్లరంగు పూసి దిద్దిన ప్రతి దిద్దుబాటూ దాని కింద చచ్చిపోతాయి. స్టూడియో ఆయనకి నా నమస్కారాలు చెప్పి ఇంటికి రా.

మా హైదరాబాదులో వేసవి కాగితాన్ని అప్పడంలా చేస్తుంది, వానాకాలం వడియంలా చేస్తుంది. బయటిగోడకి చెమ్మ దిగుతుంది. ఆ గోడకి బొమ్మ తగిలించకు. తగిలిస్తే ఫ్రేము నాలుగు మూలలా వెనక కార్కుబిళ్ళలు అంటించి గాలి ఆడనియ్యి. గాలి ఆడితే బల్లి కూడా ఆడుతుంది, అది వేరే బాధ! నెలకోసారి ఫ్రేము తీసి వెనక్కి తిప్పి చూసుకో. అద్దం తుడిచే మందు నేరుగా ఫ్రేము మీద కొట్టకు. గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడువు. పెట్టెలో దాచేటప్పుడు బజారు ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి జిడ్డు కక్కుతాయి. పాలిస్టరు కవర్లని అడుగు. కలరా ఉండలు బొమ్మల పెట్టెలో వెయ్యకు.

ఇవన్నీ చేసినా నాకిప్పుడు బాగా నచ్చిన దారి ఇంకొకటి. అసలు పేజీని స్కాను చేయించి మంచి కాగితం మీద అదే సైజులో ప్రింటు తీయించాను. గోడ మీద అది, పెట్టెలో ఇది. మా ఇంటికొచ్చిన కుర్ర డైరెక్టరొకడు "మోసం సార్!" అన్నాడు. "డూపుతో ఫైటు చేయించే నువ్వా ఈ మాట అనేది?" అన్నాను.

అన్నట్టు, టిన్‌టిన్ బొమ్మల హెర్జే ఉన్నాడు చూశారూ! 1936లో 'బ్లూ లోటస్' అట్ట కోసం ఒక బొమ్మ వేశాడు. దాన్ని అచ్చు వెయ్యడానికి ఖర్చెక్కువని పక్కన పెట్టేశారు. దాన్ని పబ్లిషరు గారి పిల్లవాడికి ఇస్తే, వాడు మడతలు పెట్టి సొరుగులో పడేశాడని చెబుతారు. ఎన్నో ఏళ్ళు సొరుగు చీకట్లోనే ఉంది. 2021 జనవరిలో పారిస్ వేలంలో దాదాపు 32 లక్షల యూరోలకి పోయింది! మడతలు కనపడుతున్నాయి, రంగులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. మడతపెట్టిన ఆ పిల్లవాడు, అద్దం బిగించిన నాకన్నా మంచి పని చేశాడన్నమాట.

పెద్దాయన నాకిచ్చినవి రెండు పేజీలని చెప్పాను గదూ? రెండోది ఫ్రేముకి డబ్బుల్లేక ఖాకీ కవర్లో పెట్టి మా ఆవిడ బీరువాలో, పట్టుచీరల అడుగున దాచాను. దాచిన సంగతే మర్చిపోయాను. ఆ అమ్మాయి లేచి వెళ్ళబోతుంటే మా ఆవిడకే గుర్తొచ్చింది. తీసుకొచ్చి బల్లమీద పరిచింది. ఎరుపు ఎరుపులాగే ఉంది. పసుపు, నీలం, అన్నీ! 1996లో నేను అన్నం మానేసిన రంగులు.

ఆ అమ్మాయి రంగుల వంక చూడలేదు. ముందు మార్జిను చూసింది. అక్కడ గుర్రం లేదు. వంకరటింకర అక్షరాలతో పెన్సిల్‌తో తన పేరు ఉంది, 'ళ'కి బదులు 'ల' పెట్టి. కింద నాన్నగారు చిన్నగా దిద్దారు.

పేజీ తనకిచ్చేశాను. ఆసిడ్ లేని అట్టల మధ్య పెట్టి, కట్టి మరీ ఇచ్చాను. "మా ఇంట్లో ఎక్కడ తగిలించను అన్నయ్యా?" అంది. తగిలించొద్దమ్మా అన్నాను. ఉన్న ఒక్కదానికీ ప్రింటు తీయించి రెండోసారి పంపాను, దానికి మార్జిను కూడా ఉంది.

తెనాలి తమ్ముడూ! నీ పేజీ మార్జిన్లో ఏముందో ఇంకా చూసుకోకపోతే ఇప్పుడు చూడు. ఏముందో నాకు రాయి.