గెడ్డలో డైపర్లు చూసి అమ్మల్ని తిట్టే ముందు...



సెలవులకి ఊరెళ్లిన మేమందరం ఈసారి గెడ్డ దగ్గర ఒకటే చూశాం. రాళ్ల సందుల్లో, తుప్పల్లో వాడి పారేసిన డైపర్లు. నీళ్లు తాగి ఉబ్బిపోయి, చిరిగి, లోపలి జెల్లీ బయటికొచ్చి ఉన్నాయి. కింద ఊరి పశువులు తాగేది ఆ నీళ్లే. మనలో కొందరు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టి, "మన ఆడవాళ్లకి బద్ధకం పెరిగింది, నానమ్మలు ఇవి వాడారా?" అని రాశారు. లైకులు కూడా బాగానే వచ్చాయి. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఎందుకు కొంటున్నావని ఊళ్లో ఒక వదినని అడిగాం. "గుడ్డ కడితే ఆటోలో సంతకెళ్లేలోపు నా చీరంతా తడిసిపోద్ది. పక్కన కూచున్నోళ్లు మొహం తిప్పుకుంటారు. ఆస్పత్రి బెంచీ తడిస్తే తిట్లు తినేది నేనే కదా" అంది. ఇందులో బద్ధకం ఎక్కడుంది? నానమ్మ బిడ్డని కట్టుకుని పోడుకెళ్లేది. తడిసినా అడిగేవాళ్లు లేరు. ఈ వదిన ఆటో ఎక్కాలి, ఆఫీసుకెళ్లాలి, బ్యాంకులో లైన్లో నిలబడాలి. ఆమెకి కావాల్సింది కారని గుడ్డ. అది మనం ఇవ్వలేదు, పాకెట్ ఇచ్చింది.

పాకెట్ డైపర్ లోపల సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి ఉంటుంది. తడి తగిలితే పీల్చుకుని జెల్లీ అవుతుంది. బయట ప్లాస్టిక్ పొర. అందుకే కారదు, అందుకే మట్టిలోనూ కలవదు. కాలిస్తే ప్లాస్టిక్ పొగ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలైతే వాడిన డైపర్లని చుట్టి పొడి చెత్తలో వెయ్యాలన్నాయి, చుట్టడానికి కవరు కంపెనీయే ఇవ్వాలన్నాయి. బాగుంది. కానీ మా కొండ మీద ఊరికి చెత్తబండి రాదు. చుట్టి ఎవరి చేతిలో పెట్టాలి?

అందుకే ఈసారి తిట్టడం మానేసి కుట్టడానికి కూచున్నాం. మాలో ఇద్దరికి టైలరింగ్ వచ్చు. మొదటిది రెండు గుడ్డల మధ్య ప్లాస్టిక్ సంచి పెట్టి అడ్డంగా, నిలువుగా కుట్టేశాం. అరగంటలో కారిపోయింది. పైగా బిడ్డకి చెమట పట్టి తొడలు ఎర్రబడ్డాయి. సూది దిగిన ప్రతి చోటా ఒక బొక్క అని అప్పుడు అర్థమైంది. రెండోదాంట్లో లోపలి నూలు గుడ్డ అంచు కాస్త బయటికొచ్చింది. దీపం వత్తి నూనె లాగినట్టు ఆ అంచు తడినంతా బయటికి లాగేసింది. మూడోది తొడల దగ్గర వదులు.

నాలుగోసారి కుదిరింది. ఇలా:

పై కవరుకి పీయూఎల్ అనే గుడ్డ వాడాం. ఒక పక్క నీళ్లు దిగని పూత ఉంటుంది, ఆన్‌లైన్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. పూత లోపలి వైపుకి రావాలి. కొన్న గుడ్డని దోసిలిలా పట్టుకుని నీళ్లు పోసి చూడండి, దిగకపోతే మంచిదే. కుట్టు అంచుల్లో మాత్రమే వెయ్యాలి, మధ్యలో ఒక్క కుట్టు కూడా వద్దు. గుండుసూదులు కూడా అంచులోనే గుచ్చాలి. నూలు దారం తడి లాగుతుంది కాబట్టి పాలిస్టర్ దారం వాడాలి. తొడల దగ్గర, నడుం వెనక లాస్టిక్ సాగదీసి పట్టుకుని కుట్టాలి. కట్టాక మన వేలు లోపలికి దూరాలి, ఖాళీ మాత్రం కనబడకూడదు. నడుం దగ్గర టిచ్ బటన్లు రెండు వరసలు పెడితే బిడ్డ పెరిగినా పనికొస్తుంది.

లోపల ఏం పెట్టాలి? ఇక్కడే మేం సిగ్గుపడ్డాం. మందంగా పొరలన్నీ కలిపి కుట్టిన ప్యాడ్ మన చలిలో, మంచులో రెండు రోజులైనా ఆరలేదు. నానమ్మ వాడిన పాత లుంగీ ముక్కే ఆరు మడతలు పెట్టి లోపల పరిస్తే బాగా పీల్చింది, ఉతికి విప్పి ఆరేస్తే తొందరగా ఆరింది. అంటే నానమ్మ గుడ్డలో తప్పేం లేదు, దానికి పై కవరు లేదంతే. గుడ్డ నూలుదే అయ్యుండాలి, పాలిస్టర్ చీర పీల్చదు. కొత్త నూలు గుడ్డయితే నాలుగైదుసార్లు ఉతికాకే వాడండి. మడతలు ఏ పక్కా కవరు దాటి బయటికి రాకూడదు.

ఒక ఇంటికి నాలుగు కవర్లు, ఇరవై లుంగీ ముక్కలు ఉంటే పగలు గడిచిపోతుంది. తడిసిన వెంటనే మార్చాలి. దొడ్డికెళ్తే ముందు మరుగుదొడ్డిలో దులపాలి. ఉతుకుడు గెడ్డలో కాదు, ఇంటి దగ్గర బకెట్లో సబ్బు పెట్టి. ఆ నీళ్లు బావికి, గెడ్డకి దూరంగా పొయ్యాలి. డైపర్లు తీసేసి గెడ్డలోనే మురికి ఉతికితే మనం సాధించిందేముంది?

ఇక అసలు మాట. ఉతికేది ఎవరు? ఈ పనంతా మళ్లీ వదిన నెత్తిన పెట్టి, "సంప్రదాయం కాపాడాం" అని మనం పోస్టు పెట్టుకుంటే అది మోసం. అన్నలూ, తమ్ముళ్లూ, నీళ్లు మోయడం, గుడ్డలు ఉతకడం మీ పని కూడా. మీకు చేతకాకపోతే పాకెట్ కొన్న ఆమెని మాట అనే హక్కు మీకు లేదు. వరసగా ముసురు పట్టినప్పుడు, రాత్రి ప్రయాణాల్లో ఎవరైనా పాకెట్ వాడితే వాడనివ్వండి. గెడ్డలో వెయ్యకుండా దూరంగా లోతు గొయ్యి తీసి పూడుద్దాం. అది మంచి దారేం కాదు, గెడ్డలో పడెయ్యడం కంటే నయం.

కుట్టు శిక్షణల్లో జాకెట్లు, లంగాలతో పాటు ఇదీ నేర్పమని మన ఐటీడీఏలని అడుగుదాం. డ్వాక్రా అక్కలు కుట్టి సంతలో అమ్మితే పాకెట్లకి పోయే డబ్బు ఊళ్లోనే ఉంటుంది. వచ్చే సెలవులకి ఊరెళ్లేవాళ్లు తలా ఒక మీటరు గుడ్డ, ఒక లాస్టిక్ చుట్ట పట్టుకెళ్లండి. మిషన్ ఉన్న ఇంట్లో ఒక రోజు కూచోండి. మీది ఎక్కడ కారిందో, ఎలా సరిచేశారో కింద రాయండి. ఆ వదినకి మేం రెండు కవర్లు ఇచ్చొచ్చాం. వాడి చూసి చెప్తానంది, ఆమె మాట కూడా ఇక్కడే పెడతాం.

జై ఆదివాసీ.