వానకు భీమా

ప్రాచీనులు దేశమునకు వాటిల్లు బాధల నాఱింటిని లెక్కించి వానికి ఈతులని పేరిడిరి: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగురాజులు. వీనిలో మొదటి రెండును నేటికిని మన గడపల నెఱిగియే యున్నవి. జీవితభీమా మన యిండ్లకు క్రొత్త కాదు; యజమాని పేర పత్రము పెట్టెలో భద్రముగ నుండును. కాని వాన కురియనిచో సొమ్ము చెల్లించు భీమా యొకటి గలదనియు, దానిని మిక్కిలి బీదదేశములకు విస్తరింపజేయుటకు పెద్ద ప్రయత్నములు జరుగుచున్నవనియు నెందఱు సోదరీమణు లెఱుగుదురో చెప్పజాలము. ఈ మాసము దానిని గూర్చి ముచ్చటింప నెంచితిమి. ఊరక సిద్ధాంతములు చెప్పుటకంటె నొక దేశమును జూచుట మేలు గావున ఆఫ్రికా ఖండమందలి మలావీని గైకొందము.

మలావీకి సముద్రము లేదు. సముద్రమువంటి సరస్సొకటి దేశము పొడవునను గలదు. అయినను సేద్యము బహుభాగము వానమీదనే. ఆ వానయు నొక్క కారే. నవంబరులో మొదలై ఏప్రిలునకు ముగియును. ముఖ్యమైన పంట మొక్కజొన్న. దాని పిండితో మన సంకటివలె గట్టిగ వండు న్సీమయే వారి యన్నము. మధ్య, దక్షిణ మండలములందు చేవ, యావొ మొదలగు జాతులలో భూమి తల్లివైపుననే సంక్రమించు నాచారము గలదు. గుద్దలితో బోదెలు తీసి విత్తు నాటుటలో స్త్రీల పాలు చాల పెద్దది. జనవరి, ఫిబ్రవరి నెలలలో పాతగింజ గాదెలో నిండుకొనును. లేదనుట కీడని మనమును ఈ మాటనే వాడుదుము గదా. క్రొత్తపంట చేతికి రాదు. ఆ రెండు మూడు నెలలే యచ్చటి తల్లులకు అసలైన పరీక్ష.

ఇట్టివారికి సామాన్యమైన భీమా యేల పనికిరాదని యడుగవచ్చును. ఇల్లు కాలినచో కంపెనీవారు మనిషిని పంపి నష్టము లెక్కగట్టుదురు. అరయెకరము చేనుగల లక్షలాది కుటుంబముల కడకు మనుష్యులను పంపినచో ఆ వ్యయమే ప్రీమియమును మ్రింగివేయును. అందుచే చేనును జూచుట మాని వానను కొలుచు పద్ధతి వచ్చినది. ఇన్ని దినములలో ఇంతకు తక్కువ కురిసినచో నింత సొమ్మని ముందే వ్రాసికొందురు. ఎవరి పైరెండినదను విచారణ లేదు. వర్షమాపకమో, ఆకాశమున దిరుగు ఉపగ్రహమో సాక్ష్యము చెప్పును. ఇది కేవలము పాశ్చాత్యుల యూహ యనుకొనవలదు. మైసూరు సంస్థానమునందు జె. ఎస్. చక్రవర్తిగారు వానకొలతనుబట్టి భీమా నడుపు పద్ధతిని 1920లోనే గ్రంథరూపమున వెలువరించిరి. నాడది కార్యరూపము దాల్చలేదు. 2003లో మన మహబూబునగరము జిల్లాలో బేసిక్సు సంస్థయు, ఐసీఐసీఐ లాంబార్డు భీమా కంపెనీయు, ప్రపంచబ్యాంకు సాయముతో, 230 మంది వేరుశనగ, ఆముదము రైతులకు దీని నమ్మిరి. పిదప రెండేండ్లకు, 2005లో, మలావీలో 892 మంది వేరుశనగ రైతులు ఇట్టి భీమానే విత్తనపు టప్పుతో కలిపి తీసికొనిరి.

ఆ దేశముననే యొక వింత జరిగెను. గినే, యాంగ్ అను నిద్దఱు అర్థశాస్త్రజ్ఞులు కొందఱు రైతులకు మేలురకపు విత్తనములకై యప్పు మాత్రమును, కొందఱికి అప్పుతోపాటు వానభీమాను గూడ చూపిరి. భీమా యున్నచో నెక్కువమంది ధైర్యముతో ముందునకు వత్తురనుకొనిరి. అప్పు మాత్రమే చూపినవారిలో నూటికి 33 మంది దానిని గైకొనగా, భీమా జతచేసినవారిలో సుమారు 18 మందియే గైకొనిరి. పామరులకు భీమా యర్థముగాదని దీనిని జూచి తల యూపువా రుందురు. మాకట్లు తోచదు. పంట పోయినచో ఆ యింటినుండి బాకీదారు తీసికొని పోగలిగిన దేమున్నది? అట్టియెడ భీమాసొమ్ముతో నొడ్డున బడునది అప్పిచ్చిన బ్యాంకు. ప్రీమియము కట్టునది రైతు. ఈ లెక్క వ్రాతరాని యిల్లాలికిని దెలియును.

చేత డబ్బు లేనివారికి మఱియొక దారి చూపిరి. ఇథియోపియాలోని టిగ్రే మండలమున ఆది హా యను గ్రామములో 2009లో 200 కుటుంబములతో మొదలైన పద్ధతి యిది: డబ్బునకు బదులు కట్టలు వేసియు, గుంటలు త్రవ్వియు ప్రీమియమును చెమటతో చెల్లింపవచ్చును. 2015లో నిది మలావీలోని బలాక జిల్లాకు వచ్చెను. కఱవున రాజు విత్తనములును తిండిగింజలును ఈయవలెననియు, దుర్గసేతువుల పని కల్పించి తిండి పెట్టవలెననియు కౌటిల్యుడు చెప్పియే యున్నాడు. అయితే కౌటిల్యుని రాజు పనికి మాఱుగ గింజలిచ్చెను. ఇచ్చట పనికి మాఱుగ వచ్చునది వాన తప్పినచో నిత్తుమను కాగితము. వంట, నీళ్లు, కట్టెలు, పసిబిడ్డ, సొంత చేను ఇన్నింటి నడుమ ఆ చెమట యెవరిదో ఈ పద్ధతిని మెచ్చుకొనువారు కొంచెము విచారింపవలెను.

ఇంటింటికి అమ్ముట కష్టమని తెలిసి, దేశమే భీమా కొనునట్టి యేర్పాటు చేసిరి. ఆఫ్రికా సమితి పక్షమున 2012లో ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ యను సంస్థ వెలసెను. ప్రభుత్వము ప్రీమియము కట్టును. అనావృష్టి వచ్చినచో సంస్థ ప్రభుత్వమునకు సొమ్మిచ్చును. ప్రభుత్వము దానిని ధాన్యముగనో నగదుగనో పంచును. 2015–16 పంటకాలమునకు మలావీ సుమారు 47 లక్షల డాలర్లు కట్టెను. ఆ యేడు వాన లెస్సగా తప్పెను. 2016 ఏప్రిలులో దేశాధ్యక్షుడు విపత్తును ప్రకటించెను. 65 లక్షలకు పైబడిన జనులకు, అనగా నైదుగురిలో నించుమించు నిద్దఱికి, తిండి చాలదని లెక్క తేలెను. సంస్థవారి గణితము మాత్రము బాధితులు సుమారు 21,000 మందియే యని చెప్పెను. ఆ లెక్కప్రకారము సొమ్ము రాదు!

చిక్కు విత్తనమున నున్నది. మొక్కజొన్న 120 మొదలు 140 దినములలో పండునని గణితమున వ్రాసికొని యుండిరి. మలావీలో చాలమంది యప్పటికే 90 దినముల రకమునకు మాఱియుండిరి. రెండు పైరులకును నీరు కావలసిన దినములు వేఱు. కంకి పట్టు వేళ వాన లేకున్న పొట్టికాలపు పైరు మాడిపోవును. వెనుక నెంత కురిసినను దానికి లాభము లేదు. గణితము వేఱొక పైరును లెక్కించుచు కూర్చుండెను. ఆ యేడు ఏ గింజ నాటిరో తెలిసికొనుటకు ఉపగ్రహ మక్కఱలేదు. మూటనుండి గింజ తీసి గుంటలో వేసిన స్త్రీ చెప్పగలదు. ఆ ప్రశ్న ఆమె గుమ్మము వఱకు పోయినది పంట మాడిన తరువాతనే. అప్పుడు చేలలో విచారణ జరిపి, 2016 నవంబరులో సంస్థ యొప్పుకొని, 2017 జనవరిలో 81 లక్షల డాలర్లు చెల్లించెను. ఏప్రిలునుండి జనవరికి తొమ్మిది నెలలు. త్వరితముగ వచ్చుటయే యిట్టి భీమాకు గొప్పయని చెప్పుదురు గదా!

యాక్షన్ ఎయిడ్ అను సంస్థ 2017లో దీనిని తీవ్రముగ విమర్శించెను. ఆ ప్రీమియపు సొమ్ముతో నేరుగ ధాన్యమే కొనవచ్చునుగదా యని మాకును మొదట తోచెను. కాని భీమా లేనిచో మిగులునది యాచనయే. కఱవు వచ్చినపిదప దాతల గుమ్మములకడ చేతులు చాచినచో, వా రిచ్చునది వారి దయ. పత్రమున వ్రాసికొన్నది హక్కు. మలావీ ఈ యేర్పాటునే నమ్ముకొని 2021–22 అనావృష్టికి 1 కోటి 42 లక్షల డాలర్లు పొందెను. 2024లో 28 జిల్లాలకు 23 విపత్తునకు లోనైనపుడు 1 కోటి 12 లక్షల డాలర్లు పొందెను. ప్రీమియము భారమును ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు పంచుకొనుచున్నది. వాన తీరు మాఱుటకు మలావీ పొగగొట్టములు కారణములు కావు గనుక ఆ సాయమును దానమనుటకు మాకు మనసొప్పదు.

కావున నీ భీమా విస్తరించుట మాకును సమ్మతమే. అయితే విస్తరణమనగా ఎందఱి పేర్లు జాబితాకెక్కినవని మాత్రమే చెప్పుట చాలదు. తొలకరికి ముందు ఏటేట గ్రామములలోని స్త్రీలను కూర్చుండబెట్టి ఏ రకపు గింజ, ఏ వారమున నాటుదురు, ఏ నెలలో గాదె ఖాళీయగును అని యడిగి ఆ సంగతులను ఒప్పందమున జేర్పవలెను. సొమ్ము వచ్చినపుడు ఎంత వచ్చినది, ఏ యూర నెంత పంచిరి యనునది చేవ భాషలో ఊరి చావడికడ చదివి వినిపింపవలెను. దీనికగు వ్యయము ఉపగ్రహపు లెక్కల వ్యయముముందు స్వల్పము.