ఏం చేశావమ్మా?

తెలుగులో గొడుగు పోగొట్టుకుంటాం, బస్సులో పర్సు పోగొట్టుకుంటాం, బీరువా తాళాలు పోగొట్టుకుంటాం. ఒళ్ళు దగ్గర పెట్టుకోనివాళ్ళు పోగొట్టుకునే వస్తువులివి. వీటి మధ్యకి కడుపును ఎవరు చేర్చారో తెలియదు గాని, "ఫలానావారి కోడలు మళ్ళీ కడుపు పోగొట్టుకుందిట" అనే మాట మా కడియంలో మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఆ ఫలానావారి కోడల్ని నేనే.

జ్వరం వచ్చినవాణ్ణి పలకరించబోయి "ఎలా ఉందిరా?" అంటారు. కాలు విరిగినవాణ్ణి "ఎలా జరిగింది?" అంటారు. నన్ను చూడవచ్చినవాళ్ళు మాత్రం కాఫీగ్లాసు చేతిలోకి తీసుకుని, ఒక గుక్క తాగి, "ఏం చేశావమ్మా?" అన్నారు. ఇది పరామర్శ కాదండీ, పోలీసు ఠాణాలో వేసే ప్రశ్న. నేరం జరిగిందన్నది ఖాయం, చేసింది నేనన్నదీ ఖాయం. ఎలా చేశానన్నదే తేలాలి.

మొదటిసారి నేరం పెళ్ళివారి విస్తట్లో తిన్న ఒక్క బొప్పాయి ముక్క. రెండోసారి, మావారి స్కూటరెక్కి రాజమండ్రి వెళ్ళడం. దారిలో గతుకులున్నాయి కదా మరి! మూడోసారి నేను బొప్పాయి తినలేదు, స్కూటరెక్కలేదు, చెయ్యెత్తి దండెం మీద చీర ఆరెయ్యలేదు, గ్రహణం నాడు గది దాటలేదు. ఏడు వారాలు మంచం దిగకుండా గోడకున్న క్యాలెండరు చూస్తూ పడుకున్నాను. అదీ పోయింది. అప్పుడు వచ్చిన పిన్నిగారొకరు, "అస్తమానం అలా పడుకునుంటే ఒంట్లో రక్తం ఎలా ఆడుతుందమ్మా?" అన్నారు. కదిలితే ఒక నేరం, కదలకపోతే ఇంకో నేరం. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్న మీద ఉంది. అది అబద్ధపు ప్రశ్న గనక దానిమీద నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

మా ఆడపడుచుగారి అమ్మాయి మెడిసిన్ చదువుతోంది. అది తెచ్చిచ్చిన కాగితాలు మంచంమీద పడుకుని చదివాను, వేరే పనేముంది గనక! తెలిసిన గర్భాలలో నూటికి పదిహేను దాకా నిలవవుట. ప్రపంచం మొత్తంమీద ఏటా 2 కోట్ల 30 లక్షల గర్భస్రావాలు జరుగుతున్నాయని లాన్సెట్ అనే వైద్య పత్రిక 2021లో లెక్కగట్టింది. అంటే నిమిషానికి నలభై నాలుగు. నిమిషానికి నలభై నలుగురు ఆడవాళ్ళు బొప్పాయి తింటున్నారా? మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగం, అంతకు పైనా కూడా, క్రోమోజోముల లెక్క తప్పడంవల్ల పోతున్నాయి. ఆ తప్పు పిండం ఏర్పడేటప్పుడే జరిగిపోతుంది. అప్పటికి ఆ తల్లికి తాను తల్లినని కూడా తెలియదు. ఇక స్కూటరెప్పుడు ఎక్కింది, గతుకెప్పుడు తగిలింది? మంచం పట్టి పడుకున్నంతమాత్రాన గర్భం నిలుస్తుందనడానికి కూడా ఋజువేమీ దొరకలేదు. డాక్టరు ఫలానా కారణానికి విశ్రాంతి తీసుకోమంటే అది వేరు సంగతి. చుట్టాలు చెప్పే విశ్రాంతి వేరు.

మాది మొక్కల ఊరు. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, ఎటు వెళ్ళినా నర్సరీలే. మాకూ చిన్నదొకటి ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో మావగారు మామిడి అంటు కట్టడం దగ్గరుండి చూపించారు. కింద టెంక నుంచి మొలిచిన మొక్క, పైన మంచి జాతి చెట్టు నుంచి కోసి తెచ్చిన పుల్ల. రెంటినీ కోసి, కలిపి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్టీ చుట్టి, నీడన పెడతారు. కొన్ని చిగురుస్తాయి. కొన్ని నల్లబడి ఎండిపోతాయి. వందకి వందా పట్టిన నర్సరీని మా చుట్టుపక్కల నేనింతవరకూ చూడలేదు. పట్టనప్పుడు మావగారు ఏం చేస్తారు? నీళ్ళెక్కువయ్యాయా, పుల్ల ముదిరిందా, ఎండ తగిలిందా, కత్తికి తుప్పుందా, తెగులేమైనా తగిలిందా అని ఒక్కొక్కటే చూస్తారు. కింది మొక్కనీ చూస్తారు, పైపుల్లనీ చూస్తారు. మళ్ళీ కడతారు. అంతేగాని కింది మొక్క ముందు నడుంమీద చేతులు పెట్టుకు నిలబడి "ఏం చేశావే?" అన్న రైతు నాకు కనబడలేదు. పట్టని మొక్కను పట్టిన మొక్కల వరసలోంచి తీసి, దీని నీడ వాటిమీద పడకూడదన్నవాడూ కనబడలేదు.

పైపుల్లనీ చూస్తారన్నాను. అక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మా ఇంట్లో రెండు పోయేదాకా రక్తపరీక్షలన్నీ నాకే. థైరాయిడ్ నాకు, సుగర్ నాకు, గర్భసంచి స్కానింగు ఎలాగూ నాకే. బిడ్డలో సగం తండ్రి నుంచి వస్తుందని పదో తరగతి పుస్తకంలో చదువుకున్నవాళ్ళమే అందరం. తండ్రి వయసు నలభై దాటాక గర్భస్రావాలు పెరుగుతాయని తెలిసి చాలాకాలమే అయింది. భార్యాభర్తలిద్దరి క్రోమోజోములూ చూడడానికి ఆయన ఇవ్వవలసింది ఒక సిరంజి రక్తం. దానికి మా ఇంట్లో మూడు రోజులు చర్చ జరిగింది. "వాడికేమిటి, ఉక్కులా ఉన్నాడు" అన్నారు మా అత్తయ్యగారు. ఆయనే చివరికి "నేనిస్తానమ్మా" అని చొక్కా చెయ్యి మడిచారు. ఇద్దరివీ బాగానే ఉన్నాయని వచ్చింది. ఆ కాగితం వచ్చిన రాత్రి ఆయన పెరట్లో నించుని ఏడ్చారు. మూడుసార్లు కడుపు పోయిన ఇంట్లో ఆయన్ని ఎవరూ ఒక్కసారి కూడా పలకరించలేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. నన్ను తప్పు ప్రశ్న అడిగారు, ఆయన్ని ఏ ప్రశ్నా అడగలేదు.

పూర్వపువాళ్ళ మూఢనమ్మకాలని మనం తేలిగ్గా అనేస్తాం గాని, మా మావగారి తాతగారి పేరు పెంటయ్య. పిల్లలు దక్కని ఇంట్లో దక్కిన బిడ్డను పెంటకుప్పమీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేనివాడని యముణ్ణి నమ్మించి, మళ్ళీ ఎత్తుకొచ్చి పెట్టుకున్న పేరది. తవుడిచ్చి కొనుక్కున్నట్టు నటిస్తే తవుడు. ముష్టికి తెచ్చుకున్నట్టు చెప్పుకుంటే బిక్షాలు. ఈ పేర్లు విని నవ్వుకుంటాం. ఆ పేరుగల ప్రతి మనిషికీ పైన, పేరే లేకుండా పోయిన అన్నలూ అక్కలూ ఉన్నారు. వాళ్ళంతా ఉత్తములని నేననను, గొడ్రాలనే మాట పుట్టించిందీ వాళ్ళే. కాని ఈ ఒక్క విషయంలో వాళ్ళు మోసగించబోయింది యముణ్ణి. మనం చదువుకున్నవాళ్ళం గనక కోడల్ని బోనెక్కిస్తున్నాం.

చదువు పేరు చెప్పి జరిగే మోసాలూ ఉన్నాయి, వాటినీ వదలకూడదు. అమెరికాలో 1940ల నుంచి గర్భం నిలవడానికని డైఇథైల్ స్టిల్బెస్ట్రాల్ అనే మందు ఇచ్చేవారు. అది పనిచెయ్యదని 1953లోనే షికాగోలో పరీక్షించి తేల్చారు. అయినా ఇస్తూనే ఉన్నారు. 1971లో, ఆ మందు మింగిన తల్లుల కూతుళ్ళకు అరుదైన క్యాన్సరు వస్తోందని బయటపడింది. అంత దూరమెందుకు, ఒక పట్నంలో ఒక ఆసుపత్రిలో నాతో, మీవారి రక్తంలోంచి తెల్లకణాలు తీసి మీకు ఇంజక్షన్లిస్తాం, ప్యాకేజీ ఉంది అన్నారు. ఆ ఇంజక్షన్లవల్ల మేలేమీ కనబడలేదని 1999లోనే లాన్సెట్‌లో వచ్చింది. పరిశోధన కోసం తప్ప ఇవ్వకూడదని 2002లో అమెరికా ప్రభుత్వ మందుల శాఖ చెప్పింది. ఇది తెలిసి ఇంటికొచ్చేశాం. ఆశపడ్డ ఆడదాని పర్సు ఎంత సులువుగా తెరుచుకుంటుందో వాళ్ళకి బాగా తెలుసు.

అలాగని వైద్యమంతా వట్టిదనుకునేరు! నాలుగో నెల దాటాక గర్భసంచి మూతి వదులై బిడ్డలు జారిపోయేవాళ్ళకు కుట్టువేసి నిలబెట్టే పద్ధతి మన బొంబాయి డాక్టరు వి. ఎన్. షిరోద్కర్ గారిది. 1955లో, అదీ మన మద్రాసు నుంచి అప్పట్లో వెలువడిన యాంటీసెప్టిక్ పత్రికలో ప్రకటించారు. ఆ కుట్టును ఇప్పటికీ ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తుంది. రక్తం త్వరగా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బున్నవాళ్ళకు ఆస్పిరిన్‌తోపాటు హెపారిన్ ఇంజక్షన్లిస్తే బిడ్డలు దక్కుతున్నారని 1997లో లండన్ డాక్టర్లు చూపించారు. ఇదివరకు కడుపు పోయినవాళ్ళకు మళ్ళీ గర్భంలో రక్తం కనబడితే ప్రొజెస్టరాన్ కొంత మేలు చేస్తోందని 2019లో తెలిసింది. ఏ మందు ఎవరికన్నది డాక్టరు తేల్చాలి. పక్కింటావిడకి పనిచేసిందని మనం మింగకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట నాకు చిట్టచివర తెలిసింది. పరీక్షల్లో ఏ కారణమూ దొరకనివాళ్ళలో నూటికి సుమారు డెబ్బైఅయిదు మందికి తర్వాతి గర్భం నిలిచిందని 1999లో ఇంగ్లండులో లివర్‌పూల్ డాక్టర్లు రాశారు. వయసును బట్టి ఆ అంకె కొంత తగ్గుతుంది, అయినా ఎంత పెద్ద అంకె! నా పరీక్షల్లోనూ ఏ కారణమూ దొరకలేదు. కారణం దొరకలేదంటే శాపం అనుకున్నాను, అందరూ అలాగే మొహం పెట్టారు గనక. అది శుభవార్తట. ఆ శుభవార్త నా చెవినెయ్యడానికి ఒక్క నోరు లేకపోయింది. బొప్పాయి సంగతి చెప్పడానికి పాతిక నోళ్ళున్నాయి.

1984లో నార్వేలో ఒక డాక్టరు దంపతులు ఇంకో సంగతి రాశారు. కారణం దొరకని 37 మంది ఆడవాళ్ళను వారం వారం పిలిచి, పరీక్షించి, ధైర్యం చెప్పి, ఆదరంగా చూసుకుంటే నూటికి 86 మందికి నిలిచాయట. అలా చూసుకోని 24 మందిలో నూటికి 33. అది చిన్న పరిశోధన, చీట్లు వేసి రెండు జట్లుగా పంచింది కాదు, అందుచేత దాన్ని పట్టుకుని ప్రమాణం చెయ్యను. ఆదరణవల్ల కడుపు నిలవకపోయినా మనిషి నిలుస్తుంది, అది నాకు తెలుసు.

ఉద్యోగం చేసే అక్కచెల్లెళ్ళకి ఒక మాట. గర్భస్రావమైతే ఆరు వారాలు జీతంతో సెలవివ్వాలని 1961 నాటి ప్రసూతి చట్టంలోనే రాశారు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ ఆరు వారాలూ అలాగే ఉన్నాయి. చాలామంది "కడుపునొప్పి" అని చీటీ రాసి, నాలుగో రోజుకి కుర్చీలో కూర్చుంటున్నారు. సిగ్గుట! ఎవరి సిగ్గు, దేనికి?

ఇంతా రాసి అసలు సంగతి దాచడమెందుకు? నాకిప్పుడు నాలుగోసారి. పదిహేనో వారం నడుస్తోంది. మూడో నెలలో మా అమ్మ మండపేట నుంచి దొంగ చలిమిడి పట్టుకొచ్చింది. మా వైపు ఆనవాయితీ తెలుసుగా, మూడో నెలలో చాటుగా తెచ్చిపెడతారు, అయిదో నెలలో నలుగురినీ పిలిచి పెడతారు. మొదటి మూడు నెలలూ నమ్మకం లేనివని పెద్దవాళ్ళకి తెలుసు, అందుకే ఆ చాటు. దానికి నేనేమీ అనను, తినడానికి హాయిగానే ఉంది. కాని పోయిన తర్వాత కూడా ఆ చాటే ఉండమంటే ఎలా? ఉన్నప్పుడు చెప్పుకోకూడదు, పోయినప్పుడు ఏడవకూడదు, మళ్ళీ వచ్చినప్పుడు ఆశపడకూడదు. "ఇప్పుడే ఎవరికీ చెప్పకు, ఏమైనా అయితే నలుగురికీ తెలుస్తుంది" అంటున్నారు అత్తయ్యగారు ఈసారి కూడా. తెలియనివ్వండి అత్తయ్యా! తెలిస్తేనేగా ఒకరు వచ్చి పక్కన కూర్చునేది.

పోయిన మాఘంలో మా వీధిలోనే ఒక సీమంతం జరిగింది. బొట్టు పెట్టి పిలిచే ఆవిడ మా ఎడమపక్క ఇంట్లో పిలిచి, మా గేటు ముందునుంచి నడిచి, కుడిపక్క ఇంట్లోకి వెళ్ళింది. కుంకుమభరిణె నాకు కనబడుతూనే ఉంది. నా చెయ్యి తగిలితే ఆ పిల్ల కడుపుకి కీడని కాబోలు. ఆ పిల్లకి పండంటి బిడ్డ పుట్టాడు, మంచిదే. నేను వెళ్ళినా పుట్టేవాడు. ఈ ఆచారం ఏ శాస్త్రంలో ఉందని నేనడగను, ఉంటే ఆ శాస్త్రాన్నే అటకెక్కించాలి. సీమంతంలో పసుపు రాసి, గాజులు తొడిగి, "నీ కడుపు చల్లగుండాలి" అని మనస్ఫూర్తిగా దీవించగలిగేది ఎవరండీ, ఆ చల్లదనం విలువ తెలిసినవాళ్ళు కాదూ?

అయిదో నెల చలిమిడి మా ఇంట్లో పెద్దగానే చేస్తున్నాం. బొట్టు పెట్టి పిలవడానికి నేనే వెళతాను. మా కాలవగట్టు అవతల ఇంట్లో ఒకావిడ ఉంది, ఆరేళ్ళలో నాలుగు పోయాయి, పేరంటాలకి పిలుపులు మానేసి ఆవిడకీ చాలాకాలమైంది. మొదటి బొట్టు ఆవిడకే. పీటమీద కూర్చున్నాక నా కాళ్ళకి మొదటి పసుపూ ఆవిడే రాస్తుంది. ఈ సంగతి అత్తయ్యగారికి నిన్న చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి, బియ్యం ఎన్ని నానబొయ్యాలో లెక్కవేసుకుంటూ, "ఆవిడ వాళ్ళ అత్తగారినీ పిలువు, లేకపోతే బాగుండదు" అన్నారు.