ఇంకా పాలు మాన్పించలేదా?

రెండేళ్ల బిడ్డ ఒళ్లో ఉన్న ఏ తల్లికైనా ఈ ప్రశ్న తప్పదు. భైంసా బస్టాండులోనైనా, పెళ్లి ఇంట్లోనైనా అడిగేది ఎక్కువగా ఆడవాళ్లే! పక్కనే ఉన్న బాసరలో అక్షరాభ్యాసానికి వచ్చిన బుడతడు పలక పక్కన పడేసి అమ్మ కొంగు లాగితే చుట్టూ ముసిముసి నవ్వులు. తల్లి తల వంచుకుంటుంది. ఎందుకు వంచుకోవాలి?

2012లో అమెరికాలో టైమ్ పత్రిక మూడేళ్ల కొడుక్కి పాలిస్తున్న తల్లి ఫొటోను ముఖచిత్రంగా వేస్తే పెద్ద రభసే జరిగింది. మనకది వింతేం కాదు. మళ్లీ కడుపు పండేదాకా పాలివ్వడం మన అమ్మమ్మలకు మామూలే. ఖురాన్‌లోనూ నిండు రెండేళ్ల మాట ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే: ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే, తర్వాత తిండితో పాటు రెండేళ్లు, ఇష్టముంటే ఆపైనా. "ఏడాది దాటాక అవి నీళ్లేగా" అనేవాళ్లున్నారు. రెండో ఏట కూడా బిడ్డకు కావలసిన శక్తిలో మూడో వంతు ఆ 'నీళ్లే' ఇవ్వగలవు!

అలాగని పాలున్నాయి కదా అని బువ్వ పెట్టకపోతే మాత్రం నేనొప్పుకోను. ఏడో నెల నుంచి పప్పన్నం, గుడ్డు, ఆకుకూర బిడ్డ నోట్లో పడాల్సిందే. లేకపోతే రక్తం తగ్గిపోతుంది.

మరి తల్లి తిండి సంగతో? బిడ్డ వయసు లెక్కపెట్టేవాళ్లు ఆమె కంచంలోకి ఎప్పుడైనా చూశారా? 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీ భోజనం, గుడ్డు, పాలు బాలింతకు ఇచ్చేది ఆరు నెలల దాకానే. పాలివ్వమనేది రెండేళ్లు, పెట్టేది ఆరు నెలలు! ఉద్యోగం చేసే తల్లికి రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం చట్టంలో ఉంది, అదీ బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా. ఇంట్లో బీడీలు చుట్టే ఆమెకు, పత్తి ఏరబోయే ఆమెకు ఆ విరామం ఎవరిస్తారు? బీడీ కూలి వెయ్యికింత లెక్క. చాట పక్కన పెట్టి, పొగాకు చేతులు కడుక్కుని, బిడ్డకు పాలిచ్చి వచ్చేసరికి ఆ మేరకు కూలి తగ్గుతుంది. అయినా ఇస్తూనే ఉంది. ఆమెనా మనం ఎగతాళి చేసేది?

ఏడాదికే మానేస్తానన్న తల్లినీ తప్పుపట్టనక్కర్లేదు. ఆమె ఒళ్లు, ఆమె ఓపిక. కాకపోతే వేపాకు నూరి రాయడం, బిడ్డను ఉన్నపళంగా అమ్మమ్మ ఇంటికి పంపేయడం వద్దు. ముందు పగటి పాలు తగ్గించి, ఆ వేళకు ఏదైనా తినిపించి, రాత్రి పాలు ఆఖరున మాన్పిస్తే బిడ్డ అంతగా బెంగపడదు, తల్లికీ పాలు గడ్డకట్టి నొప్పి రాదు.