ఒడ్డుకు చేరిన బోట్లు సరే, మనుషుల మాటేమిటి?

ఏప్రిల్ 14 అర్ధరాత్రితో వేట ఆగిపోతుంది. మర్నాటి నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజన్ ఉన్న ఏ బోటూ సముద్రంలోకి దిగకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఈ నిషేధం న్యాయమైనదే. ఒకప్పుడు 47 రోజులు ఉండేది, 2015 నుంచి 61 రోజులైంది. బాపట్ల జిల్లా వాడరేవులో ఆ రోజు బోట్లు ఇసుక మీదికి ఎక్కుతాయి. ఇంజన్లు విప్పి ఇళ్లకు మోసుకుపోతారు. చిరిగిన వలలు నీడ పట్టుకు చేరతాయి. రాత్రి మూడింటికి లేచి అలలకు ఎదురెళ్లే మనిషి మాత్రం ఈ రెండు నెలలూ ఎక్కడికి పోవాలో, ఏం చేయాలో ఏ అధికారీ ఆలోచించలేదు.

ఇప్పటి ప్రభుత్వం మీదా, దీనికి ముందు ఏలిన ప్రభుత్వాల మీదా మేం మోపుతున్న నేరం ఇదే. ఊళ్లో మగవాళ్లు ఏ తేదీన పని వదిలి ఒడ్డెక్కుతారో, ఏ తేదీన తిరిగి పనిలో దిగుతారో సర్కారుకు ముందే తెలుసు. ఆ తేదీలు పెట్టింది సర్కారే. ఇన్నేళ్లుగా ఈ 61 రోజులకూ అది చేస్తున్న పెద్ద పని బ్యాంకు ఖాతాలో భృతి వేయడం. ఆ భృతి ఒకప్పుడు 4 వేలు, 2019లో 10 వేలు, 2025 ఏప్రిల్‌లో 20 వేలు అయింది. పెంచడం మంచిదే, ఇంకా పెంచినా మేం స్వాగతిస్తాం. కానీ ఆ డబ్బులో సగం పాత అప్పుకు పోతుంది, మిగతాది బియ్యానికీ పిల్లల చదువుకూ చాలదు. ఇక సాయంత్రాలు ఎలా గడవాలి? దానికీ సర్కారు ఒక ఏర్పాటు చేసింది. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలు తెరిపించింది. కూలివాడి జేబును లెక్కగట్టి క్వార్టర్ సీసాను 99 రూపాయలకు అందించింది. పేదవాడు ఏ ధరకు కొనగలడో అంత శ్రద్ధగా కనిపెట్టిన ప్రభుత్వానికి, వాడు సాయంత్రం పూట కూర్చోవడానికి ఓ బల్ల, ఓ దీపం, పలకరించే ఓ మనిషి అవసరమని తోచకపోవడం క్షమించరాని విషయం.

ఈ నిర్లక్ష్యం ఖరీదు ఎంతో జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా అచ్చువేస్తూనే ఉంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నూటికి 72 మంది మగవాళ్లే. ప్రతి నలుగురిలో ఒకరికి పైగా దినకూలీలు. సగం చావులకు కారణాలు రెండే: కుటుంబ సమస్యలు, అనారోగ్యం. ఎవరో ఒకరి దగ్గర నోరు విప్పితే కొంతైనా తేలికయ్యే బరువులవి. నోరు విప్పడమే మన మగవాళ్లకు చేతకాదు. ఇందులో సర్కారు ఒక్కదాన్నే నిందించి ఊరుకోలేం. అయిదేళ్ల పిల్లాడు కింద పడి ఏడిస్తే, 'మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా' అని గద్దించే ఇళ్లు మనవే.

'టీకొట్టూ మగవాళ్లదే, రచ్చబండా మగవాళ్లదే, మళ్లీ వాళ్లకో చోటు ఎందుకు?' అని ఆడవాళ్లు అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. టీకొట్టు దగ్గర రాజకీయం మాట్లాడొచ్చు, చేపల ధర గురించి, పక్క ఊరి వలల గొడవ గురించి గంటల తరబడి వాదించుకోవచ్చు. నిద్ర పట్టడం లేదనీ, కొడుకు మాట్లాడటం మానేశాడనీ, వడ్డీ తలుచుకుంటే చెమటలు పడుతున్నాయనీ అక్కడ ఎవరూ అనరు. అది ఇంట్లోనూ అనరు. కోపంగా మారాకే అది ఇంట్లోకి వస్తుంది. రేవులో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మి, సంఘం వాయిదా కట్టే ఆడమనిషి ఆ కోపాన్ని కూడా మోస్తోంది. డ్వాక్రా సంఘాలు ఆమెకు కనీసం పదిమంది మధ్య కూర్చునే హక్కు ఇచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించినవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు. పదిమంది ఒకచోట కూర్చుని చదువుకుంటే ఏం జరుగుతుందో ఈ రాష్ట్రానికి అప్పుడే తెలిసింది. తెలిసి కూడా మగవాడికి అలాంటి బడి, అలాంటి సంఘం కట్టే పని ఏ ప్రభుత్వమూ మనసు పెట్టి చేయలేదు.

ఆస్ట్రేలియాలో ఈ పని 1990లలోనే మొదలైంది. విక్టోరియా రాష్ట్రంలోని టాంగలా అనే చిన్న ఊళ్లో 1998లో 'మెన్స్ షెడ్' పేరుతో ఒక షెడ్డు తెరిచారు. రిటైరైనవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, భార్య చనిపోయి ఒంటరిగా మిగిలినవాళ్లు అక్కడికొచ్చి కుర్చీలు బాగుచేస్తారు, చెక్క పని చేస్తారు, టీ కాచుకుంటారు. 'నీ బాధ చెప్పు' అని ఎవరూ అడగరు. చేతులు పనిలో ఉండగా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. 2010లో ఆ దేశం మగవాళ్ల ఆరోగ్యానికి ప్రత్యేక విధానం ప్రకటించి ఈ షెడ్లకు నిధులిచ్చింది. ఇవాళ అక్కడ వెయ్యికి పైగా షెడ్లున్నాయి, ఐర్లండ్‌లో వందల్లో ఉన్నాయి.

చేతులు పనిలో ఉంటే నోరు తెరుచుకుంటుందన్న సంగతి వాడరేవుకు ఆస్ట్రేలియా నుంచి ఎవరూ వచ్చి నేర్పనక్కర్లేదు. ఒకే వలకు చెరో పక్క కూర్చుని ఇద్దరు కుడుతుంటే చూడండి. చూపు వల కన్నుల మీదే ఉంటుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అరగంట మౌనం తర్వాత ఒక మాట పడుతుంది. ఇంకాసేపటికి దానికి జవాబు వస్తుంది. బోటు నడిపే పెద్ద సరంగు తన తొలి తుఫాను కథ చెప్తాడు, పక్కన కుర్రాడు తన భయం చెప్తాడు. మన తీరంలో ఈ షెడ్డు తరతరాలుగా ఉంది. దానికి లేనిది కప్పూ, కరెంటూ, మంచినీళ్లూ. చీరాల, జాండ్రపేట నేతగాళ్లకూ ఇలాంటి చోటే కావాలి. వానలకు మగ్గం గుంటలో నీళ్లూరితే పని ఆగుతుంది, మనిషి నాలుగు గోడల మధ్య మిగిలిపోతాడు.

పనిచేసే మగవాడి దగ్గరికే చదువు నడిచి వెళ్లిన చరిత్ర కూడా ఈ గడ్డదే. 1935లో తెనాలి దగ్గర పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణికులు పుస్తకం తీసుకుని చదువుకునేవారు. వాడరేవుకు దగ్గరలోని వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. స్వాతంత్ర్యం రాక ముందు, చందాలు పోగేసి, ఊరివాళ్లే సాధించినవి ఇవి. ఇప్పుడు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమంతా కడుతున్నాం. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సరిగా చేరడం లేదన్నది దశాబ్దాల ఫిర్యాదు. పన్ను కడుతున్న బెస్త పల్లెకు కాలువ మీది ఆ పడవ పాటి సేవ కూడా అందకపోతే ఆ పైసలు ఎవరికోసం?

ఈ ఒడ్డుకు ఘనమైన వాగ్దానాల కొదవలేదు. వాడరేవు, నిజాంపట్నాలలో ఓడరేవులు వస్తాయని, పరిశ్రమలు వస్తాయని 2008లో చెప్పి వేల ఎకరాలు తీసుకున్నారు. భూములు కేసుల్లో పడ్డాయి, ఓడరేవు రాలేదు. ఇప్పుడు వాడరేవుకు ఫిషింగ్ హార్బర్ అంటున్నారు. రానివ్వండి. అది కట్టేదాకా మనిషి ఆగలేడు. ఓ రేకుల షెడ్డుకు కోట్లు అక్కర్లేదు. వలలు కుట్టుకోవడానికి చోటు, ఇంజన్ విప్పి బిగించే పనిముట్లు, రెండు పత్రికలు ఉంటే చాలు. బోటు దిగిన పెద్ద సరంగులే కుర్రాళ్లకు సముద్రం గురించి చెప్తారు. జీపీఎస్, బీమా కాగితాలు, బ్యాంకు లెక్కలు సాయంత్రం ఓ గంట మత్స్యశాఖవాళ్లు నేర్పాలి. వారానికోసారి బీపీ, షుగరు చూసే నర్సు, మనసు గోడు వినే సలహాదారు రావాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నది అందుకే. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416ను వాయుగుండం హెచ్చరిక చెప్పే మైకులోనే రోజూ చెప్పవచ్చు.

ఒక్క జాగ్రత్త. ప్రారంభోత్సవం రోజు రిబ్బను కత్తిరించి, ఆ మర్నాడు తాళం వేసిన కమ్యూనిటీ హాళ్లను మన పల్లెల్లో చాలా చూశాం. తాళం చెవి నాయకుడి ఇంట్లో ఉంటే ఆ షెడ్డు ఎన్నికలప్పుడే తెరుచుకుంటుంది.

బాపట్ల జిల్లా యంత్రాంగాన్ని మేం అడిగేది ఇది. వచ్చే ఏప్రిల్ 15 నాటికి వాడరేవు ఇసుక మీద ఆ షెడ్డు నిలబెట్టండి. తాళం చెవి మత్స్యకార సహకార సంఘం చేతికివ్వండి.