తిరగేసి చూడండి

మా తమ్ముడు బేగంబజార్‌లో ఓ డ్రై ఫ్రూట్స్ హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే కొట్టు, అదే కుర్చీ. షట్టర్ దించేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ రోజు లెక్క తేల్చి బండి తీసేసరికి పది. అక్కణ్నుంచి కోఠి, చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటుకుని హయత్‌నగర్‌లో ఇల్లు చేరాలి. చలికాలంలో మూసీ వంతెన మీదికి ఎక్కగానే గాలి ఎలా కొడుతుందో ఆ టైములో బండి నడిపేవాళ్లకే తెలుస్తుంది.

మా ఇల్లు మలక్‌పేటలో, వాడి దారిలోనే. డిసెంబర్ మొదటి వారంలో ఓ రాత్రి నేను చెప్పిన జీడిపప్పు ఇచ్చి పోదామని వచ్చాడు. టీ తాగి పొమ్మన్నాను. జాకెట్ జిప్పు తీశాడో లేదో, లోపల్నుంచి నాలుగు మడతలు పెట్టిన న్యూస్‌పేపర్ జారి కింద పడింది. గబుక్కున తీసుకోబోయాడు.

"ఏంట్రా అది?"

"ఏం గాదక్కా. బండి మీద గాలి కొడ్తది గదా, ఛాతికి అడ్డం పెట్టుకుంట."

ఆ జాకెట్ అంతకు ముందు చలికాలం నేను కొనిచ్చిందే. ఫోన్‌లో సేల్ నడుస్తుంటే 'సాఫ్ట్ షెల్' అనీ, నాలుగు చుక్కల పైన రేటింగనీ చూసి ఏడు వందలకు తెప్పించాను. చేతిలోకి తీసుకుని చూద్దును కదా, వీపంతా అట్టు మీద బుడగల్లా ఉబ్బిపోయి ఉంది. పైబట్ట ఒకవైపు, లోపలి బట్ట ఒకవైపు. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతోంది, మెడ దగ్గర పిన్నీసు. "చెప్పొచ్చు కదరా" అంటే, "నువ్వు ప్రేమగ ఇచ్చినవ్, మంచిగలేదని ఎట్ల చెప్పాలె" అన్నాడు. ఏడు వందలు పోతే పోయాయి. వాడు పేపర్ కప్పుకుని దగ్గుతూ ఇంటికి పోతుంటే, తమ్ముడికి మంచి జాకెట్ కొనిచ్చానని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను నేను!

సరిగ్గా అదే వారం మా పిన్నిగారి మనవరాలి పెళ్లి సామానుకని బేగంబజార్ వెళ్లాల్సొచ్చింది. ఆ బజారు సంగతి మీకు తెలిసిందే. రెండో నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకుల కోసం ఇచ్చిన జాగా అనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ చెబుతారు. గిన్నెలు, ఇత్తడి బిందెలు, ఎండు ఖర్జూరాలు, మిరియాలు, ప్లాస్టిక్ బకెట్లు, అన్నీ అక్కడే. స్టీలు, ఇత్తడి తూకం లెక్కన ఇస్తారు. మా అమ్మ ఉన్నప్పట్నుంచీ వెళ్లే కొట్లోనే కూర్చున్నాం. మా పిన్ని కూతురు తళతళలాడే ఓ డబ్బా తీసి బాగుందంటే, ముసలి సేఠ్ నవ్వి, "పైన మెరుపు అందరు చూస్తరమ్మా. తిరగేసి చూడుండ్రి. అతుకు చూడుండ్రి, పిడి గుంజి చూడుండ్రి. గిన్నె పోయేది ఆడికెల్లే" అన్నాడు.

మా అమ్మా అదే చేసేది. గిన్నెను తిరగేసేది, వేలితో కొట్టి చప్పుడు వినేది, అంచు మీద బొటనవేలు తిప్పేది. గిన్నె కొనడానికి ఇంత తెలిసినదాన్ని జాకెట్ కొనేప్పుడు మాత్రం బొమ్మ చూసి నొక్కేశాను.

ఆ ఆదివారం తమ్ముణ్ని వెంటబెట్టుకుని జాకెట్ల కొట్లకు బయల్దేరాను. మూడు కొట్లు తిరిగాక నాకు అర్థమైనవి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఎవరో ఒకరు తెల్లారుజామునో, రాత్రి పొద్దుపోయాకో బండి మీద తిరిగేవాళ్లు మీకూ ఉంటారు కదా!

ముందు అసలు సాఫ్ట్ షెల్ అంటే ఏంటో చూద్దాం. స్వెట్టర్ వెచ్చగానే ఉంటుంది, కానీ అల్లిక నిండా కన్నాలే. ఇంట్లో కూర్చుంటే సరే, బండి నలభైలో పోతుంటే గాలి దూసుకుపోతుంది. రెయిన్‌కోటు గాలిని, నీళ్లను ఆపుతుంది, కానీ అరగంటలో లోపల చెమటతో ఉడికిపోతాం. ఈ రెంటికీ మధ్యది సాఫ్ట్ షెల్. పైన ఒత్తుగా నేసిన, కాస్త సాగే పాలిస్టర్. లోపల మెత్తటి ఫ్లీస్. కొన్నింట్లో ఈ రెంటి మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది. గాలిని అడ్డుకుంటుంది, తుంపరను కాసేపు ఆపుతుంది. జోరు వానకు మాత్రం పనికిరాదు. జూలై వానకు కూడా ఇదే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి, రెయిన్‌కోటు వేరే ఉండాల్సిందే. తమ్ముడు పెట్టుకున్న పేపర్ చేసిన పనీ అదే, గాలికి అడ్డం. జాకెట్ చేయాల్సిన పనిని పేపర్ చేసింది.

మన ఊరికి ఎంత మందం కావాలి? హైదరాబాద్‌లో 1946 జనవరిలో 6.1 డిగ్రీలకు పడిపోయిన రోజు కూడా ఉంది కానీ, మామూలుగా డిసెంబర్, జనవరిల్లో రాత్రి కనిష్ఠం 15 డిగ్రీల అటూ ఇటూ. దానికి కొండలెక్కేవాళ్ల జాకెట్ అక్కర్లేదు. బరువుంటే మంచిదన్న గిన్నెల లెక్క ఇక్కడ చెల్లదు. మరీ మందంగా ఉంటే మధ్యాహ్నం విప్పి చంకలో పెట్టుకు తిరగాలి, నాలుగో రోజు ఇంట్లో వదిలేసి పోతారు. రోజూ వేసుకోనిది ఎంత గట్టిదైతే ఏం లాభం?

బట్టను పెదాలకు ఆనించి గట్టిగా ఊదండి. అవతల పెట్టిన చేతికి గాలి అస్సలు తగలకపోతే మధ్యలో పొర ఉన్నట్టే. రాత్రిపూట దూరం బండి నడిపేవాళ్లకు అది మంచిది. కొద్దిగా గాలి తగిలితే నడిచేవాళ్లకు, బస్సుల్లో, మెట్రోలో తిరిగేవాళ్లకు హాయి, చెమట నిలవదు. మా తమ్ముడికి మొదటి రకం తీసుకున్నాం.

ఇక అతుకు. ఈ జాకెట్లో పొరల్ని కలిపేది కుట్టు కాదు, జిగురు. నాసిరకం జిగురు వేడికీ తేమకూ వదిలేస్తుంది. బీరువాలో పెట్టిన రెక్సిన్ జాకెట్ వేసుకోకపోయినా మూడేళ్లకు పొట్టు రాలిపోతుంది చూశారా? గాలిలో తేమ ఆ పై పూతను మెల్లగా తినేస్తుంది. ఇక్కడా అలాంటి బాధే. అందుకని చేతుల చివర, నడుం అంచు దగ్గర రెండు వేళ్లతో బట్టను పట్టుకుని నలపండి. పొరలు ఒకదాని మీద ఒకటి జారుతున్నట్టుంటే అక్కడే పెట్టేయండి. కొన్నాక కూడా ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో కుక్కి ఉంచకండి. మా వాడు చేసిన తప్పు అదొకటి, ఆ మాట వాడే ఒప్పుకున్నాడు.

గిన్నెకు పిడి ఎలాగో జాకెట్‌కు జిప్పు అలాగ. ముందు పోయేది అదే. కొట్లోనే పదిసార్లు పైకీ కిందికీ లాగండి, ఒకసారి ఒంటిచేత్తో కూడా. జిప్పు వెనకాల గాలి రాకుండా బట్ట పట్టీ ఉండాలి, ఆ పట్టీ పళ్లలో ఇరుక్కోకూడదు. వైకేకే అని మూడక్షరాలుంటే మంచిదంటారు. అది 1934లో జపాన్‌లో మొదలైన జిప్పుల కంపెనీ, పేరున్నదే. కానీ అక్షరాలు ఎవరైనా అచ్చేయొచ్చు, మీ చెయ్యి చెప్పిందే నమ్మండి. ఇంకో మాట. జిప్పును దారంతో కుట్టారా, అతికించారా అన్నది చూడండి. కుట్టింది అయితే రేపు పాడైనా మన సందు చివర టైలర్ విప్పి కొత్తది వేస్తాడు. అతికించింది అయితే జిప్పుతోపాటు జాకెటూ పోయినట్టే.

తర్వాత లోపలివైపు తిప్పండి. కుట్లు దగ్గరదగ్గరగా, వరసగా ఉన్నాయా? జేబు మూలల్లో అడ్డంగా గట్టి కుట్టు వేశారా? తాళాల గుత్తి, ఫోన్ బరువుకు చిరిగేది అక్కడే. భుజం మీద బట్ట నున్నగా ఉందా? బ్యాగు పట్టీ రాసుకుని రాసుకుని నూగు ఉండలు కట్టేది అక్కడ. చేతుల దగ్గర వెల్‌క్రో ఉంటే ఆడవాళ్లం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి, చున్నీ దారాలన్నీ అదే పీకేస్తుంది.

వేసుకుని అద్దం ముందు నిలబడితే సరిపోదు. స్టూల్ మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపాలి. నడుం బయటపడకూడదు, ముంజేతులు బయటపడకూడదు. మా వాడు సిగ్గుపడుతూ కూర్చున్నాడు. కొట్లో కుర్రాడు నవ్వాడు, నవ్వనీ. ఇంక నల్లరంగు వద్దన్నాను. రాత్రి పదింటికి నల్లజాకెట్ వెనకొచ్చే లారీకి కనపడదు. వీపు మీద మెరిసే పట్టీ ఉన్న బూడిదరంగుది తీసుకున్నాం.

ధర రెండు వేల నాలుగు వందలు. వాడి మొహం పాలిపోయింది. లెక్కలు రాసేవాడు కదా, కాగితం మీద లెక్కే వేసి చూపించాను. ఏడు వందలది ఒక చలికాలం, తొంభై రోజులు వచ్చింది. అంటే రోజుకు ఏడు రూపాయల డెబ్భై ఎనిమిది పైసలు. ఇది అయిదు చలికాలాలు వస్తే రోజుకు అయిదు రూపాయల ముప్ఫై మూడు పైసలు. వాడు చూసి, "లెక్క మంచిగనే ఉందక్కా. కాని రోజుకు అయిదు రూపాయలు తీస్కునే దుకాణం ఏడున్నది? రెండు వేల నాలుగు వందలు ఒక్కసారే ఇయ్యాలె గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చవకది కొని మళ్లీ మళ్లీ కొనేవాళ్లందరికీ తెలివిలేక కాదు, ఒక్కసారి పెట్టే డబ్బు చేతిలో లేక. అంత వీల్లేనప్పుడు రెండో కొట్లో చూసిన దారి ఒకటుంది. పొర, పట్టీలు, హంగులు లేకుండా కుట్టూ జిప్పూ గట్టిగా ఉన్న మామూలు జాకెట్ పన్నెండు వందలకే ఉంది. ధర ఎక్కువైతే మన్నుతుందనీ లేదు. నాలుగు వేల జాకెట్ ఒకటి చూశాను, జిప్పు మూడోసారికే పట్టేసింది.

ఉతకడం కూడా చెప్పాలి. జిప్పు వేసి, తిరగేసి, చల్లటి నీళ్లలో కొద్దిగా సబ్బుతో. బ్రష్ వద్దు. కంఫర్ట్ లాంటి మెత్తదనం ద్రవాలు అసలు వద్దు, అవి బట్ట మీద పొరలా అంటుకుని నీటిని జార్చే గుణాన్ని చంపేస్తాయి. నీడలో ఆరేయాలి. కొన్నాళ్లకు నీటిచుక్క జారకుండా ఇంకిపోవడం మొదలైతే, పైన పల్చటి నూలు బట్ట వేసి బాగా తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే ఆ గుణం కొంత తిరిగొస్తుంది. లోపల కుట్టిన లేబుల్ మీద ఇస్త్రీ వద్దని గుర్తుంటే మాత్రం ఆ పని చేయకండి.

ఇప్పుడు జనవరి చివర. కొత్త జాకెట్‌కు రెండు నెలలైనా నిండలేదు, అయిదేళ్లు వస్తుందని నేను బల్లగుద్ది చెప్పలేను. వీపు మీద బుడగల్లేవు, జిప్పు పోతోంది వస్తోంది. మొన్న రాత్రి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపి జిప్పు నేనే తీసి చూశాను. పేపర్ లేదు. దగ్గు కూడా తగ్గినట్టే ఉంది.

"నీ సంగతి నా కాలమ్‌లో రాస్తున్నారా" అన్నాను.

"రాయక్కా. కాని నీది ఇప్పుడు ఫోన్ల వస్తది గదా, మడత పెట్టి ఛాతి మీద పెట్టుకునేటందుకు పనికిరాదు" అని టీ గ్లాసు అందుకున్నాడు.